నెల్లూరులో రెండు రాత్రులు: ఎక్కడ దిగాలి, ఎప్పుడు తినాలి

నెల్లూరు ఇదివరకే చూసిన జంట మళ్ళీ వెళ్తుంటే చూడాల్సిన చోట్ల జాబితా అక్కర్లేదు, వేళలు తెలిస్తే చాలు. కారం దోసె పొద్దున పది దాటితే అంత బాగుండదు, గుడి తలుపులు మధ్యాహ్నం మూస్తారు, చేపల పులుసు సాయంత్రానికి గానీ రుచికి రాదు. శుక్రవారం రాత్రి దిగి ఆదివారం సాయంత్రం బండెక్కితే ఈ మూడూ కుదురుతాయి. వెంకటగిరి చీరలనీ, ఉదయగిరి చెక్క గరిటెలనీ ఇంకో రెండు ఊళ్ళు తగిలించుకుంటే సెలవు సగం రోడ్డు మీదే పోతుంది.

సంక్రాంతి నుంచి ఫిబ్రవరి చివరి దాకా హాయిగా ఉంటుంది. పులుసులో మామిడికాయ ముక్క కావాలంటే మాత్రం మార్చి చివరిదాకా ఆగాలి, ఆ ఎండనూ భరించాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల కాలం. రైలు కట్ట ఊరిని రెండుగా చీలుస్తుంది కాబట్టి గట్టి వాన పడితే కట్ట కింది దారుల్లో నీళ్ళు నిలిచి అటువాళ్ళు అటే, ఇటువాళ్ళు ఇటే. ఆ నెలల్లో తినే హోటళ్ళు ఎటువైపు ఉన్నాయో చూసుకుని అటువైపే గది తీసుకోవాలి.

గది సంగతికొస్తే, కారులో వచ్చేవాళ్ళకు మినీ బైపాస్ వైపు, రైల్లో వచ్చేవాళ్ళకు స్టేషను, ట్రంకు రోడ్డు, గాంధీబొమ్మ చుట్టుపక్కల అనువు. ఊరి మధ్యన బండి పెట్టే చోటు దొరకడం కష్టం, హారన్ల మోత ఎక్కువ. అయినా పొద్దున్నే దోసెకు నడిచి వెళ్ళొచ్చు కాబట్టి నా ఓటు ఊరి మధ్యకే. రోడ్డు వైపు కాకుండా వెనకవైపు గది అడిగితే మోత తగ్గుతుంది. బుక్ చేసేముందు అడగాల్సింది ఒకటుంది: గది లెక్క 24 గంటలకా, మధ్యాహ్నం 12కా? రాత్రి పదికి దిగేవాళ్ళకు రెండో లెక్కలో సగం రోజు నష్టం. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగ రోజుల్లో గది దొరకడమే గగనం, దొరికినా ధర వేరు. ఆ రద్దీ కావాలనుకునేవాళ్ళు ముందే ఏర్పాటు చేసుకోవాలి. కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు పుచ్చుకుంటారు. ఆరోగ్య రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె అంటూ వేర్వేరుగా అడుగుతారు. మిగతా రోజుల్లో బారాషహీద్ దర్గా, చెరువుగట్టు సాయంత్రం పూట ప్రశాంతంగా ఉంటాయి.

శనివారం ఏడున్నరకల్లా దోసె. ఎండుమిర్చి, ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు నూరిన ఎర్రకారం పూసి, పైన పప్పులపొడి చల్లి, అంచుల వెంట నెయ్యి వేస్తారు. పెనం మరీ కాలితే కారం మాడి చేదెక్కుతుంది, పక్క బల్ల వాళ్ళు కూడా దగ్గుతారు. కారంలో నీళ్ళెక్కువైతే దోసె మధ్యలో మెత్తబడుతుంది. ఒకటి చెప్పి ఇద్దరూ వేడిగా పంచుకుని, ఆ తర్వాత రెండోది చెప్పడం మంచిది. రెండూ ఒకేసారి వస్తే మాటల్లో పడి రెండోది చల్లారిపోతుంది.

అక్కడినుంచి పెన్న ఒడ్డున రంగనాయకులపేటలో తల్పగిరి రంగనాథస్వామి గుడి. గాలిగోపురం సుమారు 70 అడుగులు, లోపల అద్దాల మండపం. మహాభారతం విరాటపర్వం నుంచి చివరిదాకా 15 పర్వాలు తెనిగించిన తిక్కన, నెల్లూరు రాజు మనుమసిద్ధికి మంత్రిగా ఉన్నది ఈ ఊళ్ళోనే. పదకొండులోపు చేరితే తొందరపడకుండా చూడొచ్చు. జొన్నవాడ కామాక్షమ్మ గుడి 12 కిలోమీటర్ల దూరం. శుక్రవారాలు జనం ఎక్కువ, వేరే రోజు చూసుకోవాలి.

ఇక పులుసు. మధ్యాహ్నం భోజనానికి పులుసు చెప్పేవాళ్ళే ఎక్కువ, నిరాశ పడేదీ వాళ్ళే. పొద్దున కాచిన పులుసులో ముక్కకు చింతపండు పులుపు, కారం పట్టాలంటే కొన్ని గంటలు నిలవుండాలి. అందుకే మధ్యాహ్నం మామూలు భోజనం కానిచ్చి, పులుసుకు పొద్దున్నే చెప్పి ఉంచి రాత్రి తినాలి. అడగాల్సింది ఏ చేప అని. కొర్రమీను ముక్క గట్టిగా ఉంటుంది, ముళ్ళు తక్కువ. బొమ్మిడాయలు మెత్తన, రుచిలో మేటి, కానీ రోజూ దొరకవు. వంజరం వేపుడుకే బాగుంటుంది, పులుసులో ఎండినట్టవుతుంది. మంచి పులుసు పల్చగా ఉండి పైన నూనె తేలుతుంది. ఉల్లి, టమాటా ముద్దతో చిక్కబడితే అది కూర, పులుసు కాదు. ముక్క చితికిపోయి వచ్చిందంటే గరిటె పెట్టి కలిపారన్నమాట. గిన్నె పట్టుకుని తిప్పాలి తప్ప గరిటె తగలనివ్వకూడదు. పక్కన వేడన్నం. పాత మొలకొలుకుల బియ్యం ఇప్పుడు అరుదు, ఎన్ఎల్ఆర్ 34449 లాంటి సన్నరకం వరి బియ్యమే ఎక్కువ.

ఆదివారం తెల్లారకముందే బయల్దేరితే మైపాడు సముద్రం దాదాపు 25 కిలోమీటర్లు. తొమ్మిది దాటితే ఎండ, పదికి జనం. అలల లాగుడు బలంగా ఉంటుంది, మోకాలి లోతు దాటకూడదు. వచ్చే దారిలో ఇందుకూరుపేట మండలంలోనే పల్లిపాడు ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం అక్కడిదే, అరగంట చాలు.

బండెక్కేముందు మలై కాజా. పాకం పీల్చుకున్న మెత్తని మిఠాయి కాబట్టి నిలవుండదు. అరకిలో కొంటే ఇద్దరికీ, ఇంట్లోవాళ్ళకూ రెండు రోజుల్లో అయిపోతుంది, కిలో కొంటే మిగిలి పాడవుతుంది. పెట్టె పైకెత్తి చూడాలి, అడుగున పాకం కారుతుంటే ఇంకో కవరు అడగాలి. పులుసు పట్టుకెళ్ళేవాళ్ళు స్టీలు క్యారియర్ తెచ్చుకోవాలి. పూర్తిగా చల్లారాకే మూత పెట్టించాలి, వేడిమీద మూస్తే ఆవిరి నీరై పులుసులో దిగుతుంది. ప్లాస్టిక్ కవర్లో మాత్రం వద్దు, ముల్లు గుచ్చుకుంటే బ్యాగంతా పులుసే.