ఉపగ్రహానికి తాళం: పైన వేయాలా, కింద వేయాలా?

మొన్న ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటుంటే తమ్ముడి వరస కుర్రాడొకడు పట్టుకున్నాడు. మధురవాడలో వాళ్ళదో చిన్న కంపెనీ, చెప్పుల డబ్బా అంత ఉపగ్రహం తయారుచేస్తున్నారు. "అన్నయ్యా, సెక్యూరిటీకి ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోద్ది. పైకి పంపే కమాండ్లని వేరేవాళ్ళు చదవలేకుండా ఎన్‌క్రిప్షన్ పెట్టమంటావా, కింద కంట్రోల్ రూమ్ గట్టి చేసుకోమంటావా, ఏటంటావ్?"

ఇప్పటికే పైన తిరుగుతున్నదైతే ఆలోచించే పనే లేదు, కింద గదే ముందు. 2022 ఫిబ్రవరి 24న ఉపగ్రహం ద్వారా ఇంటర్నెట్ ఇచ్చే వయాశాట్ కంపెనీ వాళ్ళ కేఏ-శాట్ నెట్‌వర్క్‌ని దెబ్బకొట్టినవాళ్ళు ఆకాశం జోలికే పోలేదు. సరిగ్గా సెట్ చేయని ఒక వీపీఎన్ (బయట నుంచి కంపెనీ నెట్‌వర్క్‌లోకి వచ్చే ప్రైవేటు దారి) పరికరం దొరికింది, దాంట్లోంచి మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్‌లోకి దూరి, యూరప్‌లో వేలకొద్దీ మోడెములని పనికిరాకుండా చేసేశారు. ఉపగ్రహం మీద గీత కూడా పడలేదు గానీ, ఆ మోడెముల మీద ఆధారపడ్డ జర్మనీలోని 5,800 గాలిమరలని దూరం నుంచి చూసుకునే దారి పోయింది. వచ్చినవాడు మన కుర్చీలోనే కూర్చున్నాక మన ఎన్‌క్రిప్షన్ వాడికే సేవ చేస్తుంది.

నేనోసారి ఆడిట్‌కి వెళ్ళిన చోట యాంటెన్నా కంట్రోలర్‌కి ఫ్యాక్టరీ పాస్‌వర్డే ఉంది. మర్చిపోతామని దాన్ని డబ్బా మీద మార్కర్‌తో రాసి, చెరిగిపోకుండా పైన సెల్లోటేపు కూడా అంటించారు. అంత శ్రద్ధ!

కానీ మావాడిది ఇంకా బల్ల మీదే ఉంది, అక్కడే లెక్క మారుతుంది. గది తాళం వచ్చే ఏడాదైనా మార్చుకోవచ్చు, పైకి వెళ్ళినదానికి కొత్త చిప్ పెట్టడానికి స్క్రూడ్రైవర్ పట్టుకుని ఎవరెళ్తారు? అందుకని ముందు ఎన్‌క్రిప్షన్‌కే ఖర్చుపెట్టమన్నాను. నిజానికి కమాండ్‌ని దాచడం కంటే, అది మనమే పంపామని ఉపగ్రహం గుర్తుపట్టడం ముఖ్యం. ప్రతి కమాండ్‌కీ వరస నంబరు కూడా ఉండాలి, లేకపోతే నిన్నటి కమాండ్‌ని ఎవడో రికార్డు చేసి రేపు మళ్ళీ వదులుతాడు. ఒక టెన్షన్ ఉంది: కీలు, అంటే ఎన్‌క్రిప్షన్ తాళంచెవుల్లాంటి రహస్య కోడ్‌లు, తప్పాయంటే సొంత ఉపగ్రహమే మన మాట వినదు. ఆ భయంతో కొందరు తాళం లేని దొడ్డిదారి ఒకటి ఉంచుకుంటారు, అదైతే నాకు అస్సలు ఇష్టం లేదు, దానికి బదులు లోపలే నాలుగు అదనపు కీలు పెట్టి పంపడం నయం.

"మరి హుద్‌హుద్ లాంటి తుఫాను వస్తే? గదికి ఎవరూ చేరలేరు కదా, ఇంటి నుంచి వీపీఎన్ ఉండొద్దా?" అన్నాడు. మంచి ప్రశ్నే. 2014 అక్టోబర్ 12 తర్వాత కరెంటూ ఫోనూ లేకుండా రోజులు గడిపినవాళ్ళం, ఇంట్లో వీపీఎన్ ఉన్నా దాన్ని దేనితో నడుపుతాం? ఇంటి లాప్‌టాప్‌లో టెలిమెట్రీ, అంటే ఉపగ్రహం తన పరిస్థితి గురించి కిందికి పంపే రీడింగులు, చూసుకుంటే చాలు, కమాండ్ బటన్ మాత్రం వద్దు. రెండో గది హైదరాబాద్‌లో పెట్టుకోండి, అక్కడ కూడా కమాండ్ వెళ్ళాలంటే ఇద్దరు ఒప్పుకోవాలి అన్నాను.

హైదరాబాద్ అద్దెలు తెలుసా నీకు అన్నాడు. ఆ గొడవ వాళ్ళ బాసుతో పడాలి, నాతో కాదు.