విండోస్‌లో గేమ్ ఆడుతుంటే 'లో మెమరీ' (మెమరీ తక్కువైందన్న) వార్నింగ్ వస్తే ఏది మేలు: కొత్త ర్యామా, పేజ్ ఫైలా?

ఆట మంచి రసపట్టులో ఉండగా తెర మీద చిన్న పెట్టె ఒకటి ఊడిపడుతుంది, మెమరీ తగ్గిపోయింది, ప్రోగ్రాములు మూసెయ్యండి అని. పట్టించుకోకుండా ఆడితే కాసేపటికి గేమే మూసుకుపోతుంది. అప్పుడు ఎవరికైనా ముందు తోచేది ఇంకో ర్యామ్ స్టిక్ కొనడమే. నాకూ అదే తోచింది. తీరా టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే 16 జీబీలో వాడుతున్నది 11 మాత్రమే. అయిదు జీబీ ఖాళీగా పెట్టుకుని లేదంటుందేమిటి?

విషయమంతా అదే పేజీలో, మెమరీ గ్రాఫ్ కింద ఉండే 'కమిటెడ్' అన్న చోట ఉంది. అక్కడ 15.6/15.9 అని కనిపించింది. మొదటి అంకె, ప్రోగ్రాములన్నీ కలిసి విండోస్ దగ్గర రాయించుకున్న మెమరీ. రెండోది, విండోస్ ఇస్తానని మాటివ్వగలిగిన గరిష్ఠం, అంటే ర్యామ్, పేజ్ ఫైల్ (ర్యామ్‌కు తోడుగా విండోస్ డిస్క్ మీద పెట్టుకునే ఫైల్) కలిపిన మొత్తం. గేములు తమకు కావలసినదానికంటే ఎక్కువే ముందుగా రాయించుకుంటాయి. కర్చీఫ్ వేసి సీటు ఆపుకోవడం లాంటిదే. సీటు ఖాళీగానే కనిపిస్తుంది కానీ ఇంకొకరికి ఇవ్వడానికి లేదు. ఎప్పుడో ఎవరో చెప్పిన స్పీడు చిట్కా నమ్మి పేజ్ ఫైల్ ఆపేసింది నేనే, ఇంకెవర్నని ఏం లాభం!

కాబట్టి వచ్చిన ఇబ్బంది వార్నింగ్, గేమ్ మూసుకుపోవడం మాత్రమే అయితే నా ఓటు పేజ్ ఫైల్‌కే. ఖర్చు లేదు, అయిదు నిమిషాల పని. స్టార్ట్ మెనూలో 'పెర్ఫార్మెన్స్' అని వెతికితే 'అడ్జస్ట్ ది అప్పియరెన్స్ అండ్ పెర్ఫార్మెన్స్ ఆఫ్ విండోస్' వస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ట్యాబ్, వర్చువల్ మెమరీ, ఛేంజ్. పైన ఉన్న 'ఆటోమేటిక్' గడిలో టిక్ పెట్టి రీస్టార్ట్ చేస్తే చాలు. ఆ పద్ధతిలో పేజ్ ఫైల్ మామూలుగా ర్యామ్‌కు మూడు రెట్లు లేదా 4 జీబీ, ఏది ఎక్కువైతే అంతవరకు పెరగగలదు. కానీ డ్రైవ్ మొత్తం సైజులో ఎనిమిదో వంతు దాటదు. సీ డ్రైవ్ గేములతో కిక్కిరిసి ఉంటే అసలు పెరగడానికే చోటుండదు. టిక్ ఉన్నా వార్నింగ్ వస్తోందంటే ముందు డిస్క్‌లో ఖాళీ ఎంతుందో చూడండి.

అయితే పేజ్ ఫైల్ ర్యామ్ పని చేయదు. డీడీఆర్4-3200 రకం ర్యామ్ స్టిక్కులు రెండు జతగా పనిచేస్తే లెక్క ప్రకారం సెకనుకు 51.2 జీబీ డేటా అందిస్తాయి. మూడో తరం ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ సుమారు మూడున్నర, సాటా ఎస్ఎస్‌డీ అర జీబీకి కాస్త పైన. పాత హార్డ్ డిస్క్ సంగతి చెప్పకపోవడమే మంచిది, దాని మీద పేజ్ ఫైల్ పెట్టి ఆడితే గేమ్ నత్తనడక నడుస్తుంది.

అందుకే బాధ వార్నింగ్ కాదు, ఆట ఆగి ఆగి నడవడం అయితే ర్యామే మేలు. ఆడుతుండగా వాడకం 95 శాతం దగ్గర తచ్చాడుతూ, రిసోర్స్ మానిటర్‌లో 'హార్డ్ ఫాల్ట్స్' (కావలసినది ర్యామ్‌లో లేక డిస్క్ నుంచి తెచ్చుకోవలసి రావడం) వందల్లో కొట్టుకుంటుంటే ఇక అనుమానం అక్కర్లేదు. కొనేటప్పుడు డీడీఆర్4 స్లాట్‌లో డీడీఆర్5 పట్టదని గుర్తుంచుకోండి. ఒకే పెద్ద స్టిక్ కంటే ఒకే రకం జత మేలు. బిగించాక బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగుల్లో) ఎక్స్ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని పూర్తి స్పీడులో నడిపే సెట్టింగ్, ఆన్ అయి ఉందో లేదో చూడాలి. లేకపోతే స్పీడున్న ర్యామ్ కొని మామూలు స్పీడులో నడుపుకుంటారు.

కొనేలోపు గేమ్ సెట్టింగుల్లో టెక్స్‌చర్లు (వస్తువుల మీద పరిచే బొమ్మల నాణ్యత) ఒక మెట్టు దించి చూడండి. గ్రాఫిక్స్ కార్డు సొంత మెమరీ నిండితే మిగతాది మామూలు ర్యామ్‌లోకి పొర్లుతుంది, అందుకే ఈ చిన్న మార్పు ఒక్కోసారి రెండు వైపులా ఊపిరి పోస్తుంది. వెనకాల నలభై ట్యాబులతో ఉన్న బ్రౌజర్‌ని మూసెయ్యడం ఎలాగూ ఉండేదే. ర్యామ్ క్లీనర్ల జోలికి మాత్రం పోవద్దు. అవి ర్యామ్‌లో ఉన్నదాన్ని బయటికి నెడతాయే తప్ప రాయించుకున్న లెక్కను తగ్గించవు.

ఒక సందర్భంలో ర్యామ్, పేజ్ ఫైల్ రెండూ దండగే. గంట గంటకూ ఏదో ఒక ప్రోగ్రామ్ ఉబ్బుతూనే ఉంటే అది లీకు. చిల్లు కుండకు ఎన్ని నీళ్లు పోస్తే మాత్రం? ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి 2004 నంబరు ఈవెంట్ వెతకండి. వర్చువల్ మెమరీ ఎక్కువగా తిన్న ప్రోగ్రాముల పేర్లు, ఎంతెంత తిన్నాయో బైట్లతో సహా అందులో రాసి ఉంటుంది. ఏ ప్రోగ్రామూ దొరక్కుండా టాస్క్ మేనేజర్‌లో 'నాన్ పేజ్‌డ్ పూల్' (విండోస్, డ్రైవర్లు డిస్క్‌కు పంపకుండా ర్యామ్‌లోనే ఉంచుకునే భాగం) మాత్రం జీబీల్లోకి ఎక్కితే డ్రైవర్‌ను అనుమానించాలి. ఈమధ్య అప్‌డేట్ చేసినదాన్ని వెనక్కి తీసి చూడండి.

నా మెషీన్‌లో పేజ్ ఫైల్ మళ్లీ పెట్టాక అదే లెవెల్‌లో కమిటెడ్ 17.8/23.9 చూపించింది. పెట్టె మళ్లీ ఊడిపడలేదు. ర్యామ్ కొనడం ప్రస్తుతానికి వాయిదా.