‘డయాలసిస్ అక్కర్లేదు’ అనే పొడి కొనబోతున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

ఇంట్లో పెద్దవాళ్లు డయాలసిస్ వద్దని భీష్మించుకుంటే, ఆ రాత్రి నిద్రపట్టక ఫోన్లో వెతకడం మొదలుపెడతాం. నేనూ అదే చేశాను. కాబట్టి ఈ పోస్టులో మొదటి తిట్టు నాకే.

మా మేనత్తకి 76 ఏళ్లు. షుగరు, బీపీ పాతికేళ్ల నుంచీ ఉన్నాయి. కిడ్నీల పనితీరు చెప్పే జీఎఫ్ఆర్ 12కి పడిపోయింది. 15 కంటే తగ్గితే చివరి దశ అంటారు. ముందుగానే చేతికి ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా ధమనినీ సిరనీ కలిపే ఏర్పాటు, చేయించి ఉంచుకోమన్నారు కిడ్నీల డాక్టరు, నెఫ్రాలజిస్టు గారు. అది వాడకానికి సిద్ధం కావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుందట. ఆయన మాట పూర్తవకముందే అత్తయ్య లేచి చెప్పులు వేసుకుంది. ‘వారానికి మూడు రోజులు, నాలుగేసి గంటలు ఆ మిషను పక్కన పడుకోడానికా నేను బతికేది? నాకొద్దురా’ అంది. అంతే, ఇంక ఆ ఊసెత్తనివ్వలేదు.

ఎందుకు వద్దంటోందో మేమెవరం కూర్చుని అడగలేదు. ఎలా ఒప్పించాలా అని వంటింట్లో గుసగుసలాడుకున్నాం. పొడి అమ్మేవాళ్లు సరిగ్గా ఆ సందులోంచే ఇంట్లోకి వచ్చారు.

‘డయాలసిస్ లేకుండా 90 రోజుల్లో కిడ్నీలు బాగు’ అనే ప్రకటన చూసి నంబరిచ్చాను. పది నిమిషాల్లో ఫోన్. డాక్టరునని చెప్పుకున్న ఒకావిడ రిపోర్టులు వాట్సాప్‌లో పంపమంది. ఏం చదివిందో, రిజిస్ట్రేషన్ నంబరు ఏమిటో నేను అడగలేదు. తర్వాత అత్తయ్యకి ఫోనివ్వమంది. ‘అమ్మా, మీ ఒంటి మీద సూది పడనివ్వను, నాదీ పూచీ’ అంది. స్పీకర్ ఆన్‌లో ఉంది, అందరం విన్నాం. నెలరోజుల తర్వాత అత్తయ్య మొదటిసారి నవ్వింది. ఆ ఒక్క మాటకే డబ్బు కట్టేశాం అనుకోండి.

వచ్చింది ఒక నల్ల డబ్బా. మూత మీద బంగారు రంగు స్టిక్కరు, దాని మీద ‘21 మూలికల సారం’ అని ఉంది. ఆ ఇరవై ఒక్కటిలో ఒక్కదాని పేరూ లేదు, తయారీ లైసెన్సు నంబరూ లేదు. దాంతో పాటు ‘కిడ్నీలకు మేలు చేసే ఉప్పు’ అని ఒక ప్యాకెట్ ఉచితం. ఇంగ్లీషు మందులు వాడితే పొడి పనిచేయదు, అన్నీ ఆపేయండి అన్నారు. ఆపేశాం. నీరు పోవడానికి వేసుకునే మాత్రతో సహా.

మొదటి రెండు వారాలు బాగానే ఉన్నట్టనిపించింది. మూడో వారం కాళ్లు వాచాయి. ఒక సాయంత్రం పాదం మీద బొటనవేలితో నొక్కితే గుంట పడింది. నేను లేచి, ఫోన్ వెతుక్కుని, వాళ్లకి కలిపి మాట్లాడటం మొదలుపెట్టాక చూసినా ఆ గుంట అలాగే ఉంది. ‘విషాలు బయటికొస్తున్నాయి సార్, మంచి లక్షణం. డోసు పెంచండి’ అన్నారు. ఈ మాట విన్నారంటే మీరు వెంటనే ఆసుపత్రికి వెళ్లాలని గుర్తు పెట్టుకోండి. నేను వెళ్లలేదు.

అయిదో వారం ఒక అర్ధరాత్రి బాత్‌రూమ్‌కి లేవబోయి కాళ్లు నిలబడక కూలబడింది. ఆసుపత్రిలో చూస్తే పొటాషియం 7.1. మామూలుగా 3.5 నుంచి 5 వరకు ఉండాలి. అంత పెరిగితే గుండె ఏ క్షణమైనా ఆగిపోవచ్చు. ఫిస్టులా లేదు కాబట్టి అప్పటికప్పుడు మెడలో క్యాథెటర్ వేసి డయాలసిస్ చేశారు. ఏ సూదికి భయపడి పారిపోయిందో, దానికంటే లావు గొట్టం మెడలో దిగింది.

ఇంట్లో వాడినవన్నీ తెమ్మన్నారు డ్యూటీ డాక్టరు. ఆవిడ ముందుగా చూసింది పొడి డబ్బాను కాదు, ఉప్పు ప్యాకెట్‌ని. వెనక్కి తిప్పి సన్న అక్షరాల మీద వేలు పెట్టి చూపించింది: పొటాషియం క్లోరైడ్. సోడియం తగ్గించిన ఉప్పుల్లో సాధారణంగా ఇదే కలుపుతారట. పాడైన కిడ్నీ పొటాషియాన్ని బయటికి పంపలేదు, అది రక్తంలోనే పేరుకుపోతుంది. పైగా దాన్ని కొంత బయటికి పంపే నీటి మాత్రని మేమే ఆపేశాం. ఇక పొడిలో ఏముందో చెప్పడానికి డబ్బా మీద ఏమైనా రాసుంటే కదా! 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికని మూలికల మందు వాడిన ఎంతోమంది ఆడవాళ్లకి కిడ్నీలు పోయాయని, అందులో అరిస్టలోకియా అనే మొక్క కలిసిందని ఆవిడే చెప్పింది. ఆయుర్వేదం మీద నాకు కోపం లేదు. పేరు చెప్పుకోలేని మందు మీదే నా కోపమంతా.

పొడి అమ్మేవాళ్లు పంపే క్రియాటినిన్ (కిడ్నీలు వడపోయాల్సిన వ్యర్థం, రక్తపరీక్షలో చూస్తారు) స్క్రీన్‌షాట్లని అసలు నమ్మకండి. 8 నుంచి 3కి తగ్గిందని చూపిస్తారు. డయాలసిస్ చేసిన మర్నాడు పరీక్ష చేస్తే ఎవరికైనా తగ్గుతుంది. వాంతులు, విరేచనాల వల్ల తాత్కాలికంగా దెబ్బతిన్న కిడ్నీ తనంతట తనే కోలుకున్నా తగ్గుతుంది. మనిషి చిక్కిపోయి కండ కరిగినా తగ్గుతుంది, కిడ్నీ బాగుపడకపోయినా సరే. రీఫండ్ అడిగితే ఏమన్నారో తెలుసా? ‘మీరు కోర్సు పూర్తి చేయలేదు కదా సార్.’

రెండు సిట్టింగుల తర్వాత పొటాషియం దారికొచ్చింది. అత్తయ్య మళ్లీ వద్దంది, ఈసారి నెఫ్రాలజిస్టు ముందే. ఆయన కోప్పడతారనుకున్నాను. కుర్చీ దగ్గరకి లాక్కుని ‘ఎందుకు వద్దమ్మా?’ అని అడిగారు. ‘నన్ను వారానికి మూడుసార్లు ఎవరు తిప్పుతారు బాబూ, పిల్లలు ఉద్యోగాలు మానుకోవాలా’ అంది. సూది భయం కంటే ఇదే పెద్దదని ఆ రోజుదాకా నాకు తెలియదు.

ఇంట్లోనే చేసుకునే పొట్ట డయాలసిస్ గురించి చెప్పారు. అదీ వద్దంటే, డయాలసిస్ లేకుండా మందులతోనే ఆయాసం, దురద, వాపు, రక్తహీనత అదుపులో పెట్టే వైద్యం కూడా ఉందన్నారు. కన్జర్వేటివ్ కేర్ అంటారట. ఆయుష్షు తగ్గొచ్చని దాచకుండా చెప్పారు. బాగా నీరసించిన వృద్ధులకి డయాలసిస్ వల్ల పెద్దగా మేలు జరక్కపోవచ్చని కూడా చెప్పారు. అమెరికాలో నర్సింగ్ హోముల్లో ఉంటూ డయాలసిస్ మొదలుపెట్టిన 3,702 మందిని పరిశీలించి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారట. ఏడాది తిరిగేసరికి వాళ్లలో 58 శాతం మంది చనిపోయారు. అత్తయ్య అంత నీరసంగా లేదు, కాబట్టి నిర్ణయం ఆవిడదేనన్నారు. ఇదంతా ముందే అడిగి ఉంటే ఆ డబ్బా మా ఇంటికి వచ్చేదే కాదు.

ఇప్పుడు ఇంట్లోనే ఉంది, ఆపిన మందులు మళ్లీ వేసుకుంటోంది. మెడ మీద కుట్ల మచ్చ ఇంకా ఉంది. మొన్న అదే నంబరు నుంచి ఫోన్: ‘సార్, రెండో కోర్సు మీద ఆఫర్ నడుస్తోంది.’ నేను నోరు తెరిచేలోపే అత్తయ్య ఫోన్ లాక్కుంది. ‘నాకు ఆ మిషనూ వద్దు, నీ పొడీ వద్దు. పెట్టేయ్’ అంది.