సైకోపైతో మూడేళ్లు: ఒత్తుల దగ్గర మాత్రం చెడింది

"నొక్‌కండి" అని ఎక్కడైనా చదివారా? మా ఇంటి ముందుగదిలో మా పక్కింటి పెదనాన్న చదివాడు, పైకి, అక్షరం అక్షరం కూడబలుక్కుని. ఆయన కావలిలో నలభై ఏళ్లు మిషన్ తొక్కిన టైలర్. సైకోపై అనే ప్రయోగాలు నడిపే సాఫ్ట్‌వేర్‌లో నేను చేసిన ప్రయోగంలో మొదటి మనిషి ఆయనే. స్క్రీన్ వైపు, నా వైపు మార్చి మార్చి చూసి, "ఏంది పాపా, నీ కంప్యూటర్‌కి గుణింతాల దాకానే చెప్పారా?" అన్నాడు.

నేను చేసేది చూపు మీద పరిశోధన. తెలుగు పదం రెప్పపాటు కనబడి మాయమైతే, ఒత్తున్న పదాన్ని కన్ను ఎంతవరకు పట్టుకుంటుంది అన్నది ప్రశ్న. పదం ఉండేది 100 మిల్లీసెకన్లు, అంటే సెకనుకు 60 సార్లు తెర గీసే 60 హెర్ట్జ్ మానిటర్ మీద సరిగ్గా 6 ఫ్రేములు, ఆరు గీతల సమయం. ఈ లెక్క తప్పకుండా చూపించడంలో సైకోపై గట్టిది. నాటింగ్‌హామ్ యూనివర్సిటీలో జొనాథన్ పియర్స్ మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది, ఉచితం. లైసెన్సు కొనే స్తోమత లేని నాలాంటివాళ్లకు అదే పెద్ద సంగతి. మానిటర్‌కి 57 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే స్క్రీన్ మీద ఒక సెంటీమీటర్ కంటికి దాదాపు ఒక డిగ్రీ అవుతుంది. అందుకని వడ్రంగితో గడ్డం ఆనించుకునే చెక్క ఒకటి చేయించి టేబుల్‌కి బిగించాను. సరంజామా అంతా సిద్ధం. చెడింది తెలుగు దగ్గర.

ముందు పదాల జాబితా ఉన్న ఎక్సెల్ ఫైలు మీద అనుమానం వచ్చింది. తెరిచి చూస్తే అందులో "నొక్కండి", "అద్దం", "పుస్తకం" ముత్యాల్లా ఉన్నాయి. మళ్లీ టైప్ చేశాను. ఫాంట్ మార్చాను: గౌతమి, నిర్మల, నోటో. ఏది పెట్టినా "అద్‌దం", "పుస్‌తకం". రెండు రాత్రులు పోయాయి. "పడవ", "కలప" లాంటివి మాత్రం బుద్ధిగా వస్తున్నాయి. నా జాబితాలో 160 పదాలు, వాటిలో 80 ఒత్తులున్నవి. దేన్ని పరీక్షించాలనుకున్నానో సరిగ్గా అదే సగం విరిగింది.

తర్వాత అర్థమైంది. యూనికోడ్‌లో "క్క" ఒక అక్షరం కాదు. క, పొల్లు, మళ్లీ క అని మూడు ముక్కలుగా ఉంటుంది. వాటిని కలిపి కింద ఒత్తుగా దిద్దే పని గీసే సాఫ్ట్‌వేర్‌ది. ఎక్సెల్ ఆ పని చేస్తుంది. నేను వాడిన సైకోపై వెర్షన్ ముక్కల్ని ముక్కలుగానే గీసింది. అక్షరాల సెట్టింగ్‌లో అరబిక్‌కు విడిగా ఒక ఆప్షన్ ఉండటం చూసి ఒళ్లు మండింది, మన భాష ఎవరికీ పట్టదా అని. కోపం తగ్గాక తెలిసింది, అరబిక్‌లో కలిసిన అక్షర రూపాలకు యూనికోడ్‌లోనే విడి నంబర్లున్నాయి, వాటిని మార్చి పెడితే సరిపోతుంది. మన ఒత్తులకు అలాంటి నంబర్లు లేవు. కాబట్టి తప్పంతా వాళ్లదే అనలేను. కడుపుమంట మాత్రం పూర్తిగా చల్లారలేదు.

చివరికి ప్రతి పదాన్నీ బొమ్మగా మార్చాను. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, అక్షరాలను బొమ్మగా గీసే పిల్లో అనే లైబ్రరీ ఉంది. అందులోనూ రాక్మ్ అనే ఇంజిన్ పనిచేస్తేనే ఒత్తులు కుదురుతాయి. విండోస్‌లో దానికి ఫ్రిబిడి అనే డీఎల్ఎల్ ఫైలు విడిగా తెచ్చి పెట్టుకోవాలి. ఇది తెలియడానికి ఇంకో వారం. పెదనాన్నను మళ్లీ పిలిస్తే ఈసారి "నొక్కండి" అని ఒక్క గుక్కలో చదివి, జవాబులకు కుడి బాణం, ఎడమ బాణం టకటకా కొట్టుకుంటూ పోయాడు.

టైమింగ్ గట్టిదన్నాను కదా, అక్కడా ఒక మెలిక ఉంది. పదాలు బొమ్మలయ్యాక, ఒక్కో బొమ్మను డిస్క్ నుంచి తెచ్చేసరికి ఫ్రేములు జారడం మొదలైంది. ఫ్రేముల లెక్క ఫైల్లో రాయించుకున్నాను కాబట్టి తెలిసింది, కంటికైతే తెలియదు. పదానికీ పదానికీ మధ్యలో ప్లస్ గుర్తు కనబడే సమయంలో తర్వాతి బొమ్మ లోడయ్యేలా స్టాటిక్ అనే భాగం పెట్టాక మా డెస్క్‌టాప్‌లో సర్దుకుంది. అదే ప్రయోగాన్ని లాప్‌టాప్‌లో, టీవీకి కూడా అదే తెర వెళ్లేలా కలిపి నడిపితే మళ్లీ జారాయి. ఇంకొకటి, ఫలితాల ఫైలు మామూలుగా చివర్లో రాస్తుంది. మధ్యలో కరెంటు పోయి ఒక మనిషి డేటా మొత్తం గాల్లో కలిసింది. ఇప్పుడు పదం పదానికీ సేవ్ అయ్యేలా ఒక లైను చేర్చుకున్నాను.

గీతలు, చారలు, చుక్కలతో ప్రయోగాలు చేసేవాళ్లకు ఈ బాధ ఏదీ ఉండదు, నిశ్చింతగా తీసుకోవచ్చు. తెలుగు పదాలే కావాలి, ఒకటి రెండు ఫ్రేములు అటూ ఇటూ అయినా పరవాలేదు అనుకుంటే, బ్రౌజర్‌లో నడిచే జెఎస్‌సైక్ చూడండి. బ్రౌజర్‌కి ఒత్తులు వచ్చు. నాకు ఆ 6 ఫ్రేములే ప్రాణం, పైగా కాస్తో కూస్తో పైథాన్ వచ్చు కాబట్టి ఇందులోనే ఉన్నాను. కోడ్ అంటే భయముంటే నా మాట నమ్మి దిగకండి.

పోయిన నెల పదకొండో మనిషి ప్రయోగం చేసి లేస్తూ, "విఘ్నం అని తప్పు రాశారండీ" అంది. నిజమే, "విగ్నం" అని పడింది. అంతకుముందు పదిమంది అదే చూసి ఏదో ఒక బాణం కొట్టి వెళ్లారు. బొమ్మగా కాక ఎక్సెల్‌లో అక్షరాలుగానే ఉండుంటే ఒక్కసారైనా కంటబడేదేమో. బొమ్మ మళ్లీ చేశాను. ఆ పదకొండు మంది ఫలితాల్లోంచి ఆ ఒక్క పదాన్ని తీసేశాను.