హ్యావ్ ఐ బీన్ పోన్డ్: 2018 నుంచి వాడుతున్న అనుభవం

ఈమెయిల్ చిరునామా ఏయే డేటా లీకుల్లో బయటపడిందో చూసుకోవడానికి నేను 2018 నుంచి హ్యావ్ ఐ బీన్ పోన్డ్ అనే వెబ్‌సైటు వాడుతున్నాను. అడోబీ ఖాతాల వివరాలు భారీగా లీకైన కొద్ది వారాలకు, 2013 డిసెంబరులో, ఆస్ట్రేలియాకు చెందిన కంప్యూటర్ భద్రతా నిపుణుడు ట్రాయ్ హంట్ దీన్ని ప్రారంభించారు. చిరునామా టైపు చేస్తే అది ఏ లీకులో ఉందో, ఆ లీకు ఎప్పటిదో, అందులో పాస్‌వర్డులు పోయాయా, ఫోన్ నంబర్లు, పుట్టిన తేదీలు కూడా పోయాయా అన్నది చెబుతుంది. పోయిన పాస్‌వర్డును మాత్రం చూపించదు.

మొదటిసారి వెతికినప్పుడు నాలుగు ఫలితాలు వచ్చాయి. మూడు ఊహించినవే. నాలుగోది ఎప్పుడో రెండు రోజులు ఆడి వదిలేసిన ఆటల సైటు. దాని పేరు చూసి ఖాతా తెరిచిన సంగతి గుర్తుకు రావడానికే కొంతసేపు పట్టింది. అక్కడ పెట్టిన పాస్‌వర్డే నా ప్రధాన మెయిల్‌కూ ఉందన్నది మాత్రం వెంటనే గుర్తొచ్చింది.

2019 జనవరిలో కలెక్షన్ #1 అనే మూట బయటపడినప్పుడు నాకూ హెచ్చరిక మెయిల్ అందింది. అందులో దాదాపు 77 కోట్ల చిరునామాలున్నాయి, కానీ అది అనేక లీకులను కలిపి కట్టిన మూట కాబట్టి నా వివరాలు ఏ సైటు నుంచి పోయాయో తెలుసుకునే దారి లేకపోయింది. చిరునామాను, పాస్‌వర్డును జతగా దాచకూడదన్నది ఈ సేవ నియమం కాబట్టి, పోయినది నా ఏ పాస్‌వర్డో కూడా అది చెప్పలేదు. ఆ రోజు నాకు విసుగు కలిగినా ఆ నియమమే సరైనదని ఇప్పుడు అనుకుంటున్నాను. డబ్బు తీసుకుని లీకైన వివరాలను పాస్‌వర్డులతో సహా అమ్మిన వీలీక్‌ఇన్ఫో అనే సైటు డొమైన్‌ను 2020 జనవరిలో ఎఫ్‌బీఐ స్వాధీనం చేసుకుంది.

అప్పుడు నన్ను ఆదుకున్నది హ్యావ్ ఐ బీన్ పోన్డ్‌లోనే ఉన్న, ఒక పాస్‌వర్డు లీకుల్లో కనిపించిందో లేదో చెప్పే పోన్డ్ పాస్‌వర్డ్స్ విభాగం. వాడుకలో ఉన్న పాస్‌వర్డును తీసుకెళ్లి ఇంకో సైటులో టైపు చేయడమేమిటని నేనూ చాలాకాలం జంకాను. 2018 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న పద్ధతి తెలిశాక ఆ జంకు పోయింది. మనం టైపు చేసినదాన్ని బ్రౌజరే ఎస్‌హెచ్‌ఏ-1 అనే గణిత పద్ధతి ద్వారా 40 అక్షరాల హ్యాష్‌గా, అంటే అసలు పాస్‌వర్డు కనిపించని సంకేతంగా మార్చి, వాటిలో మొదటి అయిదింటిని మాత్రమే పంపుతుంది. ఆ అయిదింటితో మొదలయ్యే హ్యాష్‌ల మిగతా భాగాలన్నీ సర్వర్ తిప్పి పంపితే, మనది వాటిలో ఉందో లేదో మన కంప్యూటరే పోల్చి చూసుకుంటుంది. ‘పాస్‌వర్డ్’ అన్న ఆంగ్ల పదాన్నే చిన్న అక్షరాల్లో పాస్‌వర్డుగా పెట్టుకున్నవారి విషయంలో సర్వర్‌కు చేరేది ‘5బీఏఏ6’ అన్న ముక్క మాత్రమే. ఈ లోకంలో నాకొక్కడికే తట్టిందనుకుని మురిసిపోయిన పాస్‌వర్డు లీకుల్లో 36 సార్లు కనిపించిందని తెలిసింది ఇక్కడే.

ఎవరి చిరునామానైనా ఎవరైనా వెతకగలగడం ఇబ్బందికరమైన విషయమే. అందుకే 2015 నాటి ఆష్లీ మాడిసన్ (వివాహేతర సంబంధాలు వెతుక్కునే సైటు) వంటి సున్నితమైన లీకులను బహిరంగ ఫలితాల్లో చూపరు. ఆ మెయిల్ తనదేనని నిరూపించుకున్నవారికే అవి కనిపిస్తాయి. కాబట్టి సొంత చిరునామాను పైపైన వెతికి ఊరుకోకుండా, హెచ్చరికల కోసం నమోదు చేసుకుని పూర్తి ఫలితం చూడాలి. వ్యక్తులకు ఇది ఉచితమే.

ఫలితం ఏమీ రాకపోతే మన వివరాలు భద్రంగా ఉన్నాయని అర్థం కాదు, ఈ సైటుకు చేరిన లీకుల్లో లేవని మాత్రమే అర్థం. 2012లో లింక్‌డ్‌ఇన్ నుంచి పోయిన ఖాతాల అసలు విస్తృతి 2016లో గానీ బయటపడలేదు. అంతవరకు ఇక్కడ ఎంత వెతికినా ఆ లీకు దొరికేది కాదు. ఈ లోటును కొంతైనా పూడ్చుకోవడానికి నేను ఒక్కో సైటుకు ఒక్కో మారు చిరునామా (నా మెయిల్‌కే చేరే వేరే పేరు) ఇవ్వడం మొదలుపెట్టాను. ఒక చిన్న ఆన్‌లైన్ దుకాణానికి తప్ప మరెవరికీ ఇవ్వని చిరునామాకు రెండేళ్లుగా స్పామ్ వస్తోంది. దాన్ని నెలకోసారి ఇక్కడ వెతుకుతూనే ఉన్నాను, ఇంతవరకు ఒక్క ఫలితమూ రాలేదు.