పేరుతో వెతికే సదుపాయాన్ని నమ్మి పోగొట్టుకున్న ఎనిమిది నెలలు: పాత జర్మన్ చేతిరాత చదివే సాఫ్ట్‌వేర్‌తో ఐదేళ్లు

జర్మన్ చర్చి రిజిస్టర్లలోని పాత చేతిరాతను చదివి మామూలు అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్‌ను నేను ఐదేళ్లుగా వాడుతున్నాను. చందా ఎంత, పేజీలను ఎలా ఎక్కించాలి అన్న సంగతులు ఈ పనిలో ఉన్నవారికి తెలిసినవే కనుక వాటి జోలికి పోను. నేను రాయదలచుకున్నది అందులోని ఒకే ఒక్క సదుపాయం గురించి: ఒక ఇంటిపేరు టైపు చేస్తే ఆ పేరున్న పేజీలన్నిటినీ వరసగా ముందు పెట్టే వెతుకులాట గురించి. మొదటి ఏడాది దాన్ని మెచ్చుకోని రోజు లేదు. తర్వాత అదే నన్ను ఎనిమిది నెలలపాటు వేరొకరి వంశంలో తిప్పింది. సాఫ్ట్‌వేర్ పేరు మాత్రం చెప్పను, ఎందుకంటే ఈ లోపం ఆ ఒక్కదానిదే కాదని, ఈ కోవకు చెందిన వాటన్నిటిలోనూ ఎంతో కొంత ఉంటుందని నా అభిప్రాయం.

ఈ పని నేను ఎందుకు మొదలుపెట్టానో కొంచెం చెప్పాలి. మా పిల్లలకు నా వైపు వంశం చెప్పడానికి మా నాన్నగారు ఉన్నారు; ఏడు తరాల పేర్లు ఆయనకు నోటికి వచ్చు. మా వారిది జర్మనీలో బీలెఫెల్డ్‌కు ఉత్తరాన ఉన్న రావెన్స్‌బెర్గ్ ప్రాంతం. ఆ వైపు చెప్పడానికి మా అత్తగారి దగ్గర ఉన్నది ఒక చిన్న పుస్తకం మాత్రమే. నాజీల కాలంలో ఎన్నో కుటుంబాలు తాము ‘ఆర్యులమే’ అని రుజువు చూపించుకోవలసి వచ్చినప్పుడు ఆమె తండ్రి పూర్తిచేయించిన ‘ఆనెన్‌పాస్’ అది. ప్రతి పేరు కిందా పాస్టరు సంతకమూ, ముద్రా ఉంటాయి. ఎంత నీచమైన అవసరం కోసం తయారైందో తెలిసి కూడా, ఆ ఇంట్లో పూర్వీకుల పేర్లున్న కాగితం మరొకటి లేదు కనుక అత్తగారు దాన్ని పారేయలేదు. అందులో నీహౌస్ అనే ఇంటిపేరుతో వెనక్కు వెళ్లే వరస 1806లో బాప్తిస్మం పొందిన ఒక పిల్లవాడి దగ్గర ఆగిపోయింది. అతని తండ్రి ఎవరో, ఆ తండ్రి ఏ ఇంటివాడో తెలుసుకోవడమే నేను పెట్టుకున్న పని.

ఆ కాలపు రిజిస్టర్లు కుర్రెంట్ అనే లిపిలో ఉంటాయి. ‘పరుగెత్తు’ అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చిన పేరది. కలం ఎత్తకుండా రాసుకుపోయే ఆ రాతను మొదటిసారి చూసినప్పుడు నాకు మా తాతగారి గొలుసుకట్టు రాత గుర్తుకొచ్చింది. ఆయన కరణంగా ఉన్నప్పుడు రాసిన లెక్కల కాగితాలు ఇంట్లో ఒకరిద్దరు తప్ప ఎవరూ చదవలేకపోయేవారు. కుర్రెంట్ కూడా అంతే. 1941లో ఆ లిపిని బడుల నుంచి తీసేసిన తర్వాత చదువుకున్నవారికి అది పరాయి లిపి అయిపోయింది. అత్తగారికి తన సొంత నాయనమ్మ రాసిన ఉత్తరాలు చదవడం రాదు. అందులో ‘ఇ’, ‘ఎన్’ అక్షరాలు రెండూ పక్కపక్కన గీసిన రెండు చిన్న గీతల్లా ఉంటాయి. ‘యు’ అక్షరం కూడా అలాగే ఉంటుంది కానీ దాని నెత్తిన ఒక చిన్న కొక్కెం ఉంటుంది. పెద్ద అక్షరాల్లో ‘బి’కీ ‘ఎల్’కీ, ‘కె’కీ ‘ఆర్’కీ పోలిక చాలా దగ్గర.

ఇటువంటి రాతను యంత్రం నిమిషంలో చదివి పెడితే ఎవరికి సంతోషం ఉండదు? జర్మన్ ప్రొటెస్టెంట్ చర్చి పుస్తకాలను ఇంటర్నెట్‌లో చూపించే ఆర్కియోన్‌ అనే సైటులో తెరిచిన ఒక పుస్తకంలో ఒక్క పేజీ మీద నేను ఆదివారమంతా కూర్చునేదాన్ని, పది నమోదుల్లో నాలుగు తేలేవి. సాఫ్ట్‌వేర్ వచ్చాక పేజీ మొత్తం కళ్ల ముందు విప్పినట్టయింది. మరణాల పుస్తకంలో ‘ఔస్‌త్సేరుంగ్’ అని మళ్లీ మళ్లీ కనిపించే మాట క్షయరోగమని, అది ఒకే ఇంట్లో మూడేళ్లలో ముగ్గురిని తీసుకుపోయిందని నేను అప్పుడే తెలుసుకున్నాను. ఆ ఉత్సాహంలో నాకు తెలిసినవారందరికీ ‘పేరు కొడితే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది’ అని చెప్పాను. ఆ మాటను ఇప్పుడు వెనక్కు తీసుకుంటున్నాను.

జరిగింది ఇది. 1806 నాటి బాప్తిస్మం నమోదులో తండ్రి పేరు దగ్గర సాఫ్ట్‌వేర్ ‘రొట్‌మన్’ అని చదివింది, దాని పక్కన నీహౌస్ అని ఉంది. రెండు ఇంటిపేర్లు ఎందుకున్నాయో నాకు అర్థం కాలేదు, కానీ వెతకడానికి ఒక పేరు దొరికిందన్న ఆనందంలో ఆ సందేహాన్ని పక్కన పెట్టాను. ‘రొట్‌మన్’ అని టైపు చేశాను. పక్క ఊరి పుస్తకంలో 1778లో పుట్టిన ఒక రొట్‌మన్ పిల్లవాడు దొరికాడు. పెట్టిన పేరు సరిపోయింది, వయసు సరిపోయింది. అతని తండ్రి, తాత, ముత్తాత ఒకరి వెనుక ఒకరు వరసగా దొరుకుతూ పోయారు. ఎనిమిది నెలల్లో 1690ల దాకా వెళ్లాను. పెళ్లిళ్లు, బారసాలలు, చావులు అన్నీ తేదీలతో సహా రాసుకున్నాను. అత్తగారి ఎనభయ్యో పుట్టినరోజుకు ఆ వంశవృక్షాన్ని మంచి కాగితం మీద అచ్చు వేయించి, చట్రం కట్టించి బహుమతిగా ఇచ్చాను. ఆమె దాన్ని హాల్లో తన తల్లిదండ్రుల ఫొటో పక్కన పెట్టుకున్నారు. పేర్లన్నీ పైకి చదివించుకుని విన్నారు.

మరుసటి చలికాలంలో, అసలు వేరే పని మీద, 1806 నాటి ఆ పిల్లవాడి తల్లిదండ్రులకు 1803లో జరిగిన పెళ్లి నమోదును మళ్లీ తెరిచాను. వరుడి తండ్రి పేరుకు ముందు ‘వైలాండ్’ అనే మాట పొట్టిగా రాసి ఉంది. మనం దివంగత, కీర్తిశేషులు అని రాసినట్టే అక్కడ చనిపోయినవారి పేరు ముందు ఆ మాట రాసేవారు. అంటే 1803 నాటికి వరుడి తండ్రి లేడు. నేను చట్రంలో పెట్టిన తండ్రిని 1811లో పూడ్చారని నా నోటుపుస్తకంలో నా చేత్తోనే రాసి ఉంది. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఇద్దరూ ఒక్కరు కావడానికి వీల్లేదు.

అప్పుడు మొదటిసారి యంత్రం చదివిన అక్షరాలను పక్కన పెట్టి, ఆ పేజీలో పాస్టరు చేతిరాతను మాత్రమే చూశాను. అదే పేజీలో కచ్చితంగా తెలిసిన మాటలు ఏరుకున్నాను. ‘కిండ్’ అంటే బిడ్డ, ఆ మాట ప్రతి రెండో వరసలో ఉంది. అందులో మొదటి అక్షరం ‘కె’ తప్ప మరొకటి కాదు. ర్యోడింగ్‌హౌజెన్ అనే ఊరి పేరు రెండు చోట్ల ఉంది. దాని మొదటి అక్షరం ‘ఆర్’. ఈ రెండింటినీ పెద్దవి చేసి పక్కపక్కన పెట్టి చూస్తే ఆ పాస్టరు అలవాటు తెలిసిపోయింది. ‘ఆర్’ రాసేటప్పుడు చివరి కాలును తిన్నగా కిందికి దించి వదిలేస్తాడు. ‘కె’ రాసేటప్పుడు నడుము దగ్గర చిన్న ముడి వేసి, కాలును కుడివైపు పైకి విసురుతాడు. మా వరుడి పేరులో ముడి ఉంది, విసురూ ఉంది. అది రొట్‌మన్ కాదు, కొట్‌మన్. అడవి కొట్టి చదును చేసిన నేలను ‘రొట్’ అంటారు, చిన్న గుడిసెలాంటి ఇంటిని ‘కొటెన్’ అంటారు. రెండు ఇంటిపేర్లూ ఆ ప్రాంతంలో ఉన్నవే. ఒక్క ముడి తేడాతో నేను వేరే ఇంట్లోకి వెళ్లిపోయాను.

సాఫ్ట్‌వేర్‌లో ‘కొట్‌మన్’ అని వెతికితే ఏమీ రాలేదు. ఆ పాస్టరు రాసిన ప్రతి కొట్‌మన్‌నూ అది రొట్‌మన్ అనే చదివింది. నా కోపమంతా ఇక్కడే ఉంది. మామూలు వాక్యంలో ఒక అక్షరం తప్పు చదివినా ముందూ వెనుకా ఉన్న మాటలు దాన్ని సరిదిద్దుతాయి. ఇంటిపేరుకు అలా ముందూ వెనుకా ఏమీ ఉండదు. అందుకే సందేహం వచ్చిన చోట యంత్రం తాను ఎక్కువసార్లు చూసిన పేరు వైపు మొగ్గుతుందని నా ఐదేళ్ల గమనిక. ఆ పుస్తకాల్లో రొట్‌మన్‌లు ఎక్కువ, కొట్‌మన్‌లు తక్కువ; అరుదైన పేరు వాడుకలో ఉన్న పేరులో కలిసిపోయింది. పోనీ, ఈ అక్షరం ‘ఆర్’ కావచ్చు, ‘కె’ కూడా కావచ్చు అని ఒక చిన్న గుర్తు పెట్టినా నేను ఆగి చూసేదాన్ని. నేను వాడిన వెతుకులాటలో అటువంటి గుర్తు ఏదీ లేదు. సందేహంతో చదివిన పేరూ, స్పష్టంగా చదివిన పేరూ ఒకే నల్లటి అక్షరాల్లో ఒకే ధీమాతో నిలబడతాయి. పూర్వీకులను వెతికేవారికి అరుదైన పేరే అన్నిటికంటే విలువైన ఆధారం, సాఫ్ట్‌వేర్ చెరిపేసేది సరిగ్గా దాన్నే.

అయితే రెండు ఇంటిపేర్ల చిక్కు ఇంకా తీరలేదు. ఆ రెండు పేర్ల మధ్య యంత్రం మచ్చ అనుకుని వదిలేసిన ఒక చిన్న గీతల గుంపు ఉంది. దాన్ని విప్పడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. అది ‘గెనాంట్’ అనే మాటకు పొట్టిరూపం, ‘అనబడే’ అని అర్థం. రావెన్స్‌బెర్గ్ ఉన్న వెస్ట్‌ఫాలియాలోనూ దాని చుట్టుపక్కలా ఆ కాలంలో పేరు మనిషిది కాదు, పొలమూ ఇల్లూ కలిసిన ఆస్తిది. ఆ ఇంటి వారసురాలినో, వితంతువునో పెళ్లాడి అక్కడికి వచ్చిన మగవాడు తన పుట్టింటి పేరు వదిలి ఆ ఇంటి పేరు పెట్టుకునేవాడు. కొట్‌మన్ అలా నీహౌస్ అయ్యాడు, పిల్లలందరూ నీహౌస్‌లే అయ్యారు. ‘నీహౌస్’ అంటే ఆ ప్రాంతపు యాసలో కొత్తిల్లు. మన వైపు ఇల్లరికం వెళ్లిన అల్లుడు కూడా తన ఇంటిపేరు వదలడు కదా, ఇక్కడ ‘ఇంటిపేరు’ అన్న మాట అక్షరాలా ఇంటి పేరు కావడం చూసి నాకు చెప్పలేనంత ఆశ్చర్యం కలిగింది. రాజు అనుమతి లేకుండా ఎవరూ ఇంటిపేరు మార్చుకోరాదని, అప్పట్లో ఆ ప్రాంతాన్ని ఏలుతున్న ప్రష్యా 1822లో ఉత్తర్వు ఇచ్చిన తర్వాత కూడా ఈ అలవాటు వెంటనే పోలేదు.

నాకు దారి చూపించింది చివరికి పేరు కాదు, అంకె. రావెన్స్‌బెర్గ్ పల్లెల్లో ప్రతి ఆస్తికీ ఒక నంబరు ఉండేది. బాప్తిస్మం నమోదులో తండ్రి పేరు తర్వాత ‘కొలోన్, నంబరు 14’ అని ఉంది. కొలోన్ అంటే ఆస్తిని పట్టుకుని ఉన్న రైతు. 1803లో పెళ్లికూతురు ఉన్న ఇల్లు 14. 1795లో ఆమె మొదటి భర్త చనిపోయిన ఇల్లు 14. మనుషుల పేర్లు మారుతున్నా అంకె మాత్రం కదలలేదు. న్యాయంగా చెప్పాలంటే, అంకెలను సాఫ్ట్‌వేర్ చాలా బాగా చదివింది. పేర్లతో వెతకడం మానేసి ఇంటి నంబర్లతో వెతకడం మొదలుపెట్టాక మూడు వారాల్లో కొట్‌మన్‌ల ఇల్లు దొరికింది. తండ్రి 1799లో పోయాడు. సొంత ఆస్తి లేని కౌలు కూలీ అని, ‘హొయర్‌లింగ్’ అని అతని పేరు పక్కన రాసి ఉంది. అతని ముందు తరం ఇంకా దొరకలేదు.

అత్తగారికి ఈ సంగతి చెప్పడానికి చాలా బాధపడ్డాను. ఆమె నా మాట విని, చట్రం కిందికి దింపి, వెనుక అట్ట తీసి, సరైన మూడు పేర్లను నా చేత రాయించి లోపల పెట్టించారు. ముందున్న కాగితాన్ని మాత్రం తీయనివ్వలేదు. ఆ రొట్‌మన్‌లు కూడా పక్క ఊరివారే కదా, ఉండనీ అన్నారు.

కాబట్టి మొదట్లో నేను ఇచ్చిన కితాబులో ఇప్పుడు ఎంత మిగిలిందో చెబుతాను. పొడవైన పత్రాలకు దీన్ని మించిన సాయం నాకు లేదు. పెళ్లి ఒప్పందంలో వధువుతో ఎన్ని ఆవులు, ఎన్ని పరుపులు, ఎంత నారబట్ట వచ్చాయో రాసిన నాలుగు పేజీల పత్రాన్ని అది దాదాపు తప్పులేకుండా చదివింది. ప్రష్యాలో 1874 అక్టోబరు నుంచి, జర్మన్ సామ్రాజ్యమంతటా 1876 జనవరి నుంచి మొదలైన ప్రభుత్వ రిజిస్టర్లలో అచ్చు వేసిన ఫారాలు ఉంటాయి, అక్కడ పేరుతో వెతికినా నాకు పెద్దగా ఇబ్బంది రాలేదు. అంతకు ముందు కాలపు చర్చి పుస్తకాల్లో మాత్రం పేరుతో వెతికి వచ్చిన ఫలితాన్ని నేను ఇప్పుడు ఆధారంగా తీసుకోను. ఏ పేజీ తెరవాలో చెప్పే సూచనగా తీసుకుంటాను. ఫలితం రాలేదంటే ఆ మనిషి అక్కడ లేడని అసలే అనుకోను.

నా అనుభవం ఒక్క ప్రాంతానిది, ప్రొటెస్టెంట్ పుస్తకాలది, ఎక్కువగా 1800కు అటూ ఇటూ ఉన్న యాభై ఏళ్లది. దక్షిణాన కాథలిక్ పుస్తకాలు చూసేవారికి చిక్కులు వేరే ఉంటాయి. అక్కడ లాటిన్‌లో రాసే పాదిరీ చేతిలో మ్యుల్లర్ మోలిటోర్ కావచ్చు, ష్నైడర్ సార్టోర్ కావచ్చు, వేబర్ టెక్స్టోర్ కావచ్చు. జర్మనీ వాయవ్య తీరంలోని ఓస్ట్‌ఫ్రీస్‌లాండ్‌లో 1811లో నెపోలియన్ ఉత్తర్వు వచ్చేదాకా తండ్రి పేరే కొడుక్కి ఇంటిపేరుగా మారుతూ వచ్చింది కనుక ఒకే పేరు పట్టుకుని వెనక్కు వెళ్లడమే కుదరదు. నాకు పక్కన కూర్చుని పాత జర్మన్ మాటలు విడమరచి చెప్పే భర్త ఉన్నారు, ఆర్కైవ్ గంట దూరంలో ఉంది, ఆదివారాలు ఖాళీ. ఇవేవీ లేకుండా మరో ఖండం నుంచి వెతికేవారికి పేరుతో వెతకడం తప్ప వేరే మొదలు ఉండకపోవచ్చు, వారిని వద్దనలేను. నేను మాత్రం ఏడాది చందా మానేసి చలికాలం మూడు నెలలకే కడుతున్నాను, మిగతా కాలం భూతద్దమూ, ఆ పాస్టరు రాసిన అక్షరాలన్నిటినీ ఒక్కొక్కటిగా గీసుకున్న నా నోటుపుస్తకమూ సరిపోతున్నాయి.