తేలా, సింహమా, పులా: పచ్చబొట్టుకు ఏ జంతువు మేలు?

మా అమ్మమ్మ ముంజేతి లోపలి వైపు ఒక తేలు ఉండేది. దేవరకొండ వైపు ఒక చిన్న ఊళ్లో, ఆమెకు పదేళ్లు నిండకముందే, ఊరూరా తిరిగే ఒక ఎరుకల స్త్రీ వాకిట్లో కూర్చోబెట్టి పొడిచిన పచ్చబొట్టు అది. ఆముదపు దీపం మీద పట్టిన మసిని ఆకు పసరులో కలిపి, రెండు మూడు సూదులు జతగా కట్టి, చుక్క పక్కన చుక్కగా పొడిచి, చివర పసుపు అద్దారట. ఆమెకు ముట్టిన కూలి మానెడు జొన్నలు. అరవై ఏళ్లు దాటిన తర్వాత కూడా, చర్మం ముడతలు పడిన తర్వాత కూడా, అది తేలే అని వాకిట్లో నిలబడిన వారికి తెలిసేది. ఈ మధ్య మా అక్క కొడుకు నన్ను నల్లగొండలో ఒక టాటూ దుకాణానికి వెంటబెట్టుకొని పోయి, అక్కడి ఆల్బమ్‌లో కిరీటం పెట్టుకొని గర్జిస్తున్న సింహం ముఖాన్ని చూపించి, "మామా, ఇది ఎట్లుంది?" అని అడిగాడు. బాగుందని చెప్పడం తేలికే గాని, ఒంటి మీద నుంచి జీవితాంతం పోని బొమ్మ గురించి అంత తొందరగా మాట ఇవ్వడం నాకు సరికాదనిపించింది. ఒక నెల ఆగుదామని వాడిని ఒప్పించి, ఆ నెలలో నేను ఆలోచించిన సంగతులనే ఇక్కడ రాస్తున్నాను.

మనిషి తన ఒంటి మీద జంతువును వేయించుకోవడం కొత్త అలవాటు కాదు. ఈజిప్టులోని గెబెలీన్‌లో దొరికి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న, 5,000 ఏళ్లకు పైబడిన ఒక పురుషుని దేహం మీద అడవి ఎద్దు, కొమ్ముల గొర్రె బొమ్మలు ఉన్నాయని 2018లో పరిశోధకులు ప్రకటించారు. సైబీరియాలో మంచు కింద దొరికిన పజిరిక్ అనే పాత సంచార జాతివారి దేహాల మీద గద్ద ముక్కు వంటి మూతి ఉన్న దుప్పులు కనిపిస్తాయి. ఆ బొమ్మలకు వారు ఏ అర్థం చెప్పుకున్నారో వారితోనే పోయింది. బొమ్మ మాత్రం మిగిలింది. అందుచేత జంతువును ఎంచుకునేటప్పుడు, దాని అర్థం వేయించుకునేవారి మనసులో మాత్రమే ఉందా, లేక ఎదుట నిలబడి చూసేవారికి కూడా అందుతుందా అన్నదే నా దృష్టిలో మొదటి ప్రశ్న. ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత ఆ బొమ్మ చర్మంలో ఏ రూపంలో మిగులుతుందన్నది రెండో ప్రశ్న. దుకాణంలో ఈ రెండో ప్రశ్నను అడిగేవారు చాలా తక్కువ.

తేలుతో మొదలుపెడతాను. పాలమూరు, నల్లగొండ ప్రాంతాల రాతి నేలలో, పల్లికాయ పీకే చేలల్లో, కట్టెల మోపుల కింద, పాత గోడల సందుల్లో తేలు కనిపించని ఊరు లేదు. ఎర్ర తేలు కాటు పసిపిల్లల ప్రాణం మీదికి తెస్తుంది. అటువంటి చోట తేలు పచ్చబొట్టు అలంకారంగా పుట్టలేదు. భయం నుంచి, ఆ భయాన్ని ఒంటి మీదే కట్టేసుకుందామన్న ఆలోచన నుంచి పుట్టింది. చేతి మీద తేలు ఉన్నవారిని తేలు కుట్టదని, కుట్టినా విషం పైకి ఎక్కదని పెద్దవారు నమ్మేవారు. ఆ నమ్మకం వైద్యపరంగా నిజం కాదు, తేలు కుట్టినప్పుడు చేయవలసింది ఆసుపత్రికి పరుగెత్తడమే. కాని గుర్తుగా దాని బలం మరొక రకమైనది. నారాయణపేటకు దగ్గరగా, కర్ణాటకలోని యాదగిరి జిల్లా కందకూరు గుట్ట మీద, నాగపంచమి నాడు భక్తులు రాళ్లు ఎత్తి, కింద దొరికిన తేళ్లను చేతుల మీద, ముఖాల మీద పాకించుకుంటారు. అక్కడ కొలువై ఉన్న కొండమాయిని తేళ్ల దేవతగా కొలుస్తారు. మన వైపు నుంచి కూడా జనం పోతారు. భయపడే ప్రాణితో ఒక రోజు స్నేహం చేసుకోవడమే ఆ పండుగ సారమైతే, తేలు పచ్చబొట్టు ఆ స్నేహాన్ని ఏడాది పొడవునా మోయడమని నాకు అనిపిస్తుంది.

తేలుకు చెడ్డ పేరు కూడా ఉన్న మాట నిజమే. తేలుకు పెత్తనమిస్తే తెల్లవార్లూ కుట్టిందన్న సామెతను, తేలు కుట్టిన దొంగ అన్న మాటను మనం రోజూ వాడుతూనే ఉంటాం. విషం, పగ, చాటుదెబ్బ అన్న అర్థాలే తేలుకు ఉన్నాయని, వృశ్చిక రాశివారు తప్ప ఇతరులు దాన్ని వేయించుకోకూడదని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. తేలు గుడ్లు పెట్టదు, పిల్లలను కంటుంది. కన్న పిల్లలన్నింటినీ, అవి మొదటిసారి కుబుసం విడిచేదాకా, తన వీపు మీదనే మోస్తుంది. చేలో పని చేస్తూ చంటిబిడ్డను వీపున కట్టుకున్న తల్లులను చూసిన మన పల్లెల్లో ఆడవారి చేతుల మీద ఆ ప్రాణి ఉండటం నాకు ఎప్పుడూ వింతగా తోచలేదు.

చర్మం విషయానికి వస్తే తేలుకు పోటీ లేదు. సూదితో పోయే రంగు పై చర్మం కింది పొరలో నిలుస్తుంది. దాన్ని పరాయి వస్తువుగా ఎంచి మింగిన కణాలు అక్కడే ఉండిపోవడం వల్ల పచ్చబొట్టు చెరిగిపోదు, కాని ఏళ్లు గడిచే కొద్దీ గీత కొంచెం కొంచెంగా వెడల్పవుతుంది, పక్కపక్కన ఉన్న సన్న గీతలు ఒకదానిలో ఒకటి కలుస్తాయి. నల్లని మసి చర్మం లోతు నుంచి చూసినప్పుడు నీలి పచ్చగా కనిపించడం చేతనే మనవారు దీన్ని పచ్చబొట్టు అన్నారు. తేలు బొమ్మలో ఉండేవి ఒక ఒడలు, పటకారు వంటి రెండు ముందు చేతులు, కొన్ని కాళ్లు, పైకి వంగిన తోక మాత్రమే. వాటి మధ్య ఖాళీ చాలినంత ఉంటుంది కాబట్టి గీత రెట్టింపు వెడల్పయినా రూపం చెడదు. రెండు మూడు అంగుళాల్లో ఒదిగిపోతుంది.

సింహం సంగతి వేరు. మా మేనల్లుడు సింహాన్ని కోరుకోవడంలో తప్పేమీ లేదు, ఎందుకంటే పాత నల్లగొండ జిల్లా మొత్తం నరసింహుని నీడలో ఉన్న నేల. యాదగిరిగుట్ట, కృష్ణ ఒడ్డున మట్టపల్లి, మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట వాడపల్లి, నాగర్‌కర్నూల్ వైపు సింగోటం, అన్నీ ఆ స్వామివే. మన ఇళ్లలో యాదయ్య, యాదగిరి, యాదమ్మ, నర్సింహ అన్న పేర్లు లేని బంధువర్గం ఉండదు. ఈ నేల మీద సింహం అంటే బిడ్డ పిలుపు విని స్తంభంలో నుంచి వచ్చిన రక్షకుడు. కాని ఆల్బమ్‌లో ఉన్న సింహం ఆయన కాదు. కిరీటం, గర్జించే నోరు, నీలి కళ్లు, వెనుక గడియారపు ముల్లు ఉన్న ఆ బొమ్మ చెప్పేది నేనే రాజును అన్న ఒక్క మాట. ఒకే జంతువులో ఉన్న ఈ రెండు అర్థాలూ ఒకదానికొకటి దాదాపు ఎదురుగా నిలుస్తాయి: ఒకటి పరుల కోసం వచ్చే కోపం, మరొకటి తన కోసం ప్రకటించుకునే గొప్ప. వేయించుకునేవారు ముందుగా ఏది కావాలో తేల్చుకోవాలి. నరసింహుడే కావాలంటే ఆ బొమ్మ దేవుని బొమ్మ అవుతుంది, అప్పుడు నడుము కిందికి, కాలి మీదికి వేయించుకోవడాన్ని మన పెద్దలు సహించరు, సహించవలసిన అవసరమూ లేదు.

పైగా ఆ గర్జించే ముఖానికి జూలులోని ఒక్కో వెంట్రుకను, నీడను, వెలుగును బూడిద రంగు పొరలతో తీర్చాలి. అందుకు జానెడు చోటు, గంటల తరబడి ఓర్పు, చాలా డబ్బు కావాలి. మన చామనచాయ చర్మం మీద తెలుపు, లేత పసుపు సరిగా ఎత్తి కనిపించవు, అందువల్ల ఆల్బమ్ ఫోటోలో మెరిసే కంటి వెలుగు మన చేతి మీద అదే విధంగా మెరవదు. ఎండలో పని చేసేవారికి ఆ సన్నని నీడలు మరీ త్వరగా మాసిపోతాయి. సింహమే కావాలన్న పట్టుదల ఉన్నవారికి నేను చెప్పేది ఒకటే: పాత గుడి స్తంభాల మీది సింహాన్ని లావు గీతల్లో గీయించుకోండి, రాతిలో చెక్కిన శిల్పి ఆ జూలును ఇప్పటికే సులువైన వంపులుగా మార్చి పెట్టాడు. యాదగిరిగుట్ట పంచ నరసింహ రూపాల్లో ఒకటైన గండభేరుండాన్ని, అంటే రెండు తలల పక్షిని, ఎంచుకునేవారు అరుదు. రెండు పక్కలా సమానంగా ఉండే ఆ రూపం వీపు పై భాగాన ఎంత నిండుగా ఉంటుందో చూసినవారికే తెలుస్తుంది.

సింహానికీ పులికీ మధ్య ఎంచుకోమంటే నేను తడుముకోకుండా పులినే అంటాను. సింహం మన దేశంలో గుజరాత్‌లోని గిర్, దాని చుట్టుపక్కల సౌరాష్ట్ర ప్రాంతంలో తప్ప అడవిలో లేదు. పులి మాత్రం మన పొరుగునే ఉంది: నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా పరచుకున్న అమ్రాబాద్ పులుల అభయారణ్యం నల్లమల భాగమే, అక్కడ చెంచులు తరతరాలుగా పులి తిరిగే దారుల పక్కనే బతుకుతున్నారు. పీర్ల పండుగకు ఒళ్లంతా పసుపు పూసుకొని నల్ల చారలు దిద్దుకొని డప్పు దరువుకు ఆడే పులివేషాన్ని చూసి పెరిగినవారికి, పులి రూపం మనిషి ఒంటి మీద ఎక్కడం కొత్త సంగతి కాదు. బతుకమ్మ, దసరాల నాటికి అదే పులి అమ్మవారి వాహనంగా ఇంటి గోడ మీద పటంలో కనిపిస్తుంది. మతాలను దాటి ఇంతమందికి ఒకేసారి అర్థమయ్యే మరొక జంతువు మన ప్రాంతంలో నాకు తోచడం లేదు. జపాన్ పచ్చబొట్టు సంప్రదాయంలో కూడా పులి చెడుగాలిని, రోగాన్ని అడ్డుకునే కాపలాదారు. అంటే దూరపు అర్థం కూడా మన అర్థంతో తగవు పెట్టుకోదు. చారలే ప్రాణంగా ఉన్న జంతువు కావడంతో, ముఖమంతా గీయకపోయినా, నాలుగు చారలు, ఒక కన్ను వేసినా పులి పులిగానే నిలుస్తుంది. ఏ రెండు పులుల చారలూ ఒకలా ఉండవు కాబట్టి అటవీ సిబ్బంది కెమెరా చిత్రాల్లో వాటిని చారల ద్వారానే గుర్తుపడతారు. పచ్చబొట్టు వేసే చేయి కూడా ఆ స్వేచ్ఛ తీసుకోవచ్చు.

నెమలిని ఆడపిల్లలు ఎక్కువగా అడుగుతారు. కుమారస్వామి వాహనం, కృష్ణుని తల మీది పింఛం, అందం, వాన రాక అన్నీ అందులో ఉన్నాయి. అయితే దాని అర్థంలో సగం రంగులోనే ఉంది. ఆ నీలం, ఆకుపచ్చ రంగులు రేపు వద్దనుకున్నప్పుడు లేజర్‌కు నలుపు లొంగినంత సులువుగా లొంగవు. నల్ల గీతతో ఒక్క ఈక వేయించుకోవడం నయం. నాగుపాము రూపం చేతికి చుట్టుకునేందుకు ఎంతో అనువైనదే, కుబుసం విడవడం కొత్త బతుకుకు గుర్తు కూడా. అయినా నాగులచవితికి పుట్టలో పాలు పోసే ఇంట్లో ఆ బొమ్మకు అమ్మను ఒప్పించడం కష్టం, ఒప్పించకుండా వేయించుకోవడాన్ని నేను మెచ్చను.

దుకాణాల్లో ఎక్కువగా చూపే మరొక బొమ్మ కోయి చేప. చైనాలో పసుపు నది ప్రవాహానికి ఎదురీది, ద్రాగన్ ద్వారమనే జలపాతాన్ని దాటిన చేప ద్రాగన్‌గా మారుతుందన్న కథ దానికి మూలం. అక్కడి నుంచి జపాన్‌కు, జపాన్ పచ్చబొట్ల నుంచి ప్రపంచమంతటికీ వచ్చింది. కష్టాన్ని ఎదిరించిన మనిషికి అది చక్కని గుర్తు, అందులో సందేహం లేదు. కాని మన నేల మీద ఆ మాటను ఇంకా నిజంగా చెప్పగల చేప ఒకటి ఉంది. కొర్రమీను గాలిని కూడా పీల్చగలదు; ఎండాకాలం చెరువు ఇంకిపోయి బురద మిగిలినప్పుడు ఆ బురదలోనే ప్రాణం పట్టుకొని వాన దాకా ఆగుతుంది. అది తెలంగాణ రాష్ట్ర చేప. కరువులో ఊరు విడిచి పోయిన పాలమూరు కూలీల బిడ్డలు, మళ్లీ వాన పడితే తిరిగి వచ్చి చేను దున్నిన వారి బిడ్డలు, తమ తల్లిదండ్రుల ఓర్పును చేతి మీద రాసుకోవాలనుకుంటే ఎక్కడి జలపాతాలకో పోవలసిన పని లేదు. నేను అడిగిన ఏ దుకాణంలోనూ కొర్రమీను బొమ్మ లేదు. ఎవరైనా చిత్రకారుడు దాన్ని గీసి పెట్టాలని నా గట్టి కోరిక.

బొమ్మ ఏదైనా కొన్ని మాటలు తప్పవు. మన కళ్ల ముందు కవరు చించిన కొత్త సూది, మనకోసమే చిన్న మూతలో పోసిన రంగు, చేతికి కొత్త గ్లౌజులు లేకపోతే కుర్చీలో నుంచి లేచి రావాలి. జాతరలో చాప మీద ఒకే సూదితో పది మందికి వేసే చోట కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి, సి, ఇంకా హెచ్‌ఐవి అంటుకునే ప్రమాదం ఉంది. కేంద్ర సాయుధ బలగాల ఉద్యోగాలకు తయారయ్యే మన పిల్లలు మరీ జాగ్రత్తగా ఉండాలి: ఆ నియామక నోటిఫికేషన్లు మతపరమైన గుర్తును లేదా పేరును మాత్రమే, అదీ సెల్యూట్ చేయని ఎడమ ముంజేతి లోపలి వైపు లేదా అరచేతుల వెనుక వైపున, ఆ భాగంలో పావు వంతు కన్నా చిన్నదిగా ఉంటేనే అంగీకరిస్తాయి. వారి విషయంలో సింహం, పులి, తేలు అన్న పోలికే అనవసరం. ఉద్యోగం వచ్చేదాకా ఏదీ వేయించుకోకపోవడమే మేలు.

మా మేనల్లుడు వైరింగ్ పని చేస్తాడు, వాడికి ఆ అడ్డు లేదు. నెల గడిచిన తర్వాత వాడు సింహాన్ని వదిలి, పులి దగ్గర కొన్నాళ్లు ఆగి, చివరికి పాత పెళ్లి ఫోటో ఒకటి తీసుకొని నా దగ్గరికి వచ్చాడు. అందులో అమ్మమ్మ చెయ్యి పైకెత్తి అక్షింతలు వేస్తోంది, ముంజేతి మీది తేలు స్పష్టంగా కనిపిస్తోంది. దుకాణంలోని చిత్రకారుడు దాన్ని కాగితం మీదికి దించుతూ, తేలుకు ఎనిమిది కాళ్లు ఉంటాయని, ఇందులో ఆరే ఉన్నాయని, సరిచేస్తానని అన్నాడు. అలా పొడిచిన ఆమెకు తేలు కాళ్లు ఎన్నో తెలియక కాదు, పదేళ్లు నిండని పిల్ల ఏడుపు చూసి తొందరగా ముగించి ఉంటుంది. మా వాడు కాసేపు ఆ ఫోటోనే చూసి, "ఆరే ఉంచన్నా" అన్నాడు.